సర్కారుకు మతమెందుకు? ఒక నాస్తికుణ్ణి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను దేవుణ్ణి నమ్మను. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి చుట్టాలు, ఆఫీసు స్నేహితులు, రైల్లో పక్క సీటువాళ్ళు అడుగుతూ వచ్చిన ప్రశ్నలు ఇవి. కొన్ని నిజంగా తెలుసుకోవాలని అడిగినవి, కొన్ని నన్ను ఇరికించాలని అడిగినవి. రెండో రకమే ఎక్కువ ఆలోచింపజేశాయి.

మతాన్ని బయట కనపడనివ్వకూడదు అంటారా? పండగలు కూడా మానుకోవాలా?

అక్కర్లేదు. మీ పండగ మీ ఇష్టం. నా పేచీ ప్రభుత్వంతో. కలెక్టరు గారు బొట్టు పెట్టుకుని ఆఫీసుకు వస్తే అది ఆమె సొంత విషయం. అదే ఆఫీసు ఆవరణలో ప్రభుత్వ స్థలంలో గుడి కట్టి, దానికి సిబ్బంది దగ్గర చందా వసూలు చేస్తే అది నా విషయం కూడా అవుతుంది. ఎస్సై గారు ఇంట్లో నమాజు చేసుకుంటారా, ఆదివారం చర్చికి వెళతారా అన్నది నేను అడగను. కంప్లయింటు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు స్టేషను ఏ దేవుడి పక్షమో గోడల్ని చూసి తెలిసిపోకూడదు, అంతే.

ఖజానా, చట్టం, బడి, పోలీసు, కోర్టు, ఎన్నిక: ఈ ఆరింటి నుంచి మతం బయట ఉండాలి. మిగతాదంతా మీరూ మీ దేవుడూ చూసుకోండి.

మీరు నాస్తికులు కాబట్టి మీకిది బాగానే ఉంటుంది. భక్తులకు ఏం లాభం?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్ళు భక్తులే. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో పీఠిక మీద చర్చ జరిగింది. "దేవుడి పేరిట" అన్న మాటతో పీఠిక మొదలవ్వాలని హెచ్.వి. కామత్ సవరణ తెచ్చారు. వినడానికి అందరూ ఒప్పుకునేదిలాగే ఉంటుంది కదా. కానీ వెంటనే అస్సాం సభ్యుడు రోహిణీ కుమార్ చౌధురి లేచి, తాము శక్తిని కొలిచేవాళ్ళమని, దేవుడు అంటే సరిపోదు, దేవి పేరు కూడా ఉండాలని అన్నారు. సవరణ నోటి నుంచి బయటకు వచ్చిందో లేదో, ఏ దేవుడు అన్న తగువు వచ్చేసింది. పట్టం థాను పిళ్ళై తాను భక్తుణ్ణేనని చెబుతూనే, దీన్ని రాజ్యాంగంలో పెడితే విశ్వాసం విషయంలో బలవంతం చేసినట్టవుతుందని వ్యతిరేకించారు. హృదయనాథ్ కుంజ్రూ కూడా ఒప్పుకోలేదు. కామత్ పట్టుబట్టి ఓటింగు పెట్టించారు. అనుకూలం 41, వ్యతిరేకం 68. దేవుడి పేరు పీఠికలోకి రాలేదు.

ఆ 68 మంది నాస్తికులు కారు. చాలామంది రోజూ పూజ చేసుకునేవాళ్ళే. ప్రభుత్వం దేవుణ్ణి తన చేతిలోకి తీసుకుంటే ఆ దేవుడు ఎవరి దేవుడన్నది మెజారిటీ తేలుస్తుందని, ఆ మెజారిటీలో తమ శాఖ, తమ కులం, తమ ఊరి దేవత ఉంటారన్న హామీ లేదని వాళ్ళకు తెలుసు. శైవుడికి వైష్ణవుడి పెత్తనం, షియాకు సున్నీ పెత్తనం, ఒక చర్చికి ఇంకో చర్చి పెత్తనం పడవు. వాళ్ళందరూ నాస్తికుడి పెత్తనం కూడా ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు.

నాస్తికత్వం విదేశీ సరుకు కదా?

వేదాల్నీ దేవుణ్ణీ కాదన్న ప్రాచీన చార్వాకులు ఏ విమానంలో దిగారో నాకు తెలియదు. వేమన దాకా కూడా వెళ్ళక్కర్లేదు, కృష్ణా జిల్లా ముదునూరు చాలు. గోపరాజు రామచంద్రరావు, అంటే గోరా, 1940లో నాస్తిక కేంద్రం పెట్టింది అక్కడే. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. అంతకుముందు దేవుడి గురించి రాసినందుకు కాలేజీ లెక్చరర్ ఉద్యోగం పోగొట్టుకున్నాడాయన. అలాంటి మనిషికీ గాంధీకీ స్నేహం కుదిరింది. గోరా కూతురు మనోరమకు, దళితుడైన అర్జునరావుకు పెళ్ళి నిశ్చయమైతే సేవాగ్రామ్‌లో చేద్దామన్నది గాంధీయే. రోజూ రామనామం జపించే ఆ పెద్దమనిషి పెళ్ళి ప్రమాణంలో దేవుడి ప్రస్తావన లేకుండా చేయడానికి ఒప్పుకున్నాడు. ఆయన హత్య జరిగాక, 1948 మార్చిలో ఆ పెళ్ళి సేవాగ్రామ్‌లోనే అయింది. ఎవరి నమ్మకం వాళ్ళ దగ్గరే ఉంది, పెళ్ళి ఆగలేదు.

అన్ని మతాలనూ సమానంగా చూస్తే చాలదా? మన లౌకికత్వం అంటే అదేగా?

నేను ఎక్కువ గొడవపడేది ఈ ప్రశ్న దగ్గరే. మన దగ్గర సమానంగా చూడటం అంటే సమానంగా పంచడం అయిపోయింది. తిరుమల బ్రహ్మోత్సవాలకు ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు మోస్తారు. భద్రాచలంలో సీతారాముల కళ్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు పంపుతుంది. దానికి జతగా రంజాన్ తోఫా, క్రిస్మస్ కానుక. 2017లో తెలంగాణ ప్రభుత్వం తరఫున తిరుమల శ్రీవారికి 5 కోట్ల రూపాయలకు పైగా విలువైన బంగారు ఆభరణాలు వెళ్ళాయి, రాష్ట్రం వచ్చినందుకు మొక్కు అన్నారు. మొక్కు ముఖ్యమంత్రిది, డబ్బు ఖజానాది. ఆంధ్రప్రదేశ్‌లో జెరూసలేం యాత్రకు ఇచ్చే సాయాన్ని 2019లో తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు 40,000 నుంచి 60,000 రూపాయలకు పెంచారు. ఇమామ్‌లకు, పాస్టర్లకు గౌరవ వేతనాలు, అర్చకులకు ధూపదీప నైవేద్యాల పథకం.

అందరికీ పప్పుబెల్లాలు పంచితే అన్యాయం ఎవరికి అంటారు. చెబుతాను.

మొదటిది, ఇది ఎక్కడా ఆగదు. ఒక మతానికి ఇచ్చింది చూపించి ఇంకో మతం అడుగుతుంది, ప్రతి ఎన్నికకీ రేటు పెరుగుతుంది. రెండోది నాకు మరీ ముఖ్యం. పాస్టర్‌కు వేతనం ఇవ్వాలంటే పాస్టర్ ఎవరో ప్రభుత్వం తేల్చాలి. దానికి దరఖాస్తు, అర్హత, రిజిస్ట్రేషను, ఎంక్వయిరీ. అంటే ఏది అసలైన చర్చి, ఏది కాదు అన్నది ఒక క్లర్కు నిర్ణయిస్తాడు. భక్తులైతే మీరు నాకంటే ఎక్కువ కంగారు పడాల్సిన సంగతి ఇది. మూడోది, నెల నెలా ప్రభుత్వం దగ్గర జీతం తీసుకునే మతగురువు ఆ ప్రభుత్వం తప్పు చేస్తే నోరెత్తలేడు.

ఈ పంపకం ఎక్కడిదాకా పోతుందో 1986 చూపించింది. ఆ ఏడాది ఫిబ్రవరి 1న ఫైజాబాద్ కోర్టు ఉత్తర్వు ఇచ్చిన గంటలోనే అయోధ్యలో బాబ్రీ మసీదు తాళాలు తెరుచుకున్నాయి. మే నెలలో, విడాకులైన ముస్లిం మహిళ షాబానో కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మనోవర్తి తీర్పును పక్కకు నెట్టే చట్టం పార్లమెంటులో పాసయింది. ఇద్దరికీ ఇచ్చాం, లెక్క సరిపోయింది అనుకున్నారు. ఆ లెక్కకు దేశం ఇప్పటికీ వడ్డీ కడుతోంది.

రాజ్యాంగం 27వ అధికరణం ఒక మతం పెంపు కోసం ప్రత్యేకంగా పన్ను వెయ్యకూడదంటుంది. మామూలు పన్నుల్లోంచి కొంత తీసి ఖర్చు పెడితే? హజ్ సబ్సిడీ మీద 2011లో తీర్పు ఇస్తూ, పన్నుల మొత్తంలో చాలా చిన్న భాగమైతే ఆ అధికరణం అడ్డురాదని సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సందులోంచే అన్ని పథకాలూ నడుస్తున్నాయి. కోర్టు మీద గౌరవం ఉంది కానీ, ఆ తీర్పు నాకు నచ్చదు.

మీరు హిందువులనే అంటారు. మిగతావాళ్ళ జోలికి వెళ్ళే ధైర్యం ఉందా?

హజ్ సబ్సిడీ తీసెయ్యాలని నాస్తికులు ఎప్పటినుంచో అంటున్నారు. పదేళ్ళలో దశలవారీగా ఎత్తెయ్యమని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది, 2018లో అది పోయింది. మంచిదే అయింది. జెరూసలేం సాయం కూడా పోవాలి. 2007 ఆగస్టులో తస్లీమా నస్రీన్ తన పుస్తకం తెలుగు అనువాదం విడుదలకు హైదరాబాద్ ప్రెస్ క్లబ్‌కు వస్తే, మజ్లిస్ ఎమ్మెల్యేలు ఆమె మీద దాడి చేశారు. పూలకుండీలు, కుర్చీలు విసిరారు. ఆ తర్వాత ఆమె మీదే కేసు కూడా పెట్టారు. దాన్ని ఖండించనివాడు లౌకికవాది కాడు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఈ దేశంలో ప్రభుత్వ ఆఫీసులో మతం కనపడితే అది చాలావరకు హిందూ మతమే. దసరాకు జీపులకు నిమ్మకాయలు, సచివాలయానికి వాస్తు, శంకుస్థాపనకు ముహూర్తం. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ కొత్త సచివాలయం యాగంతోనే మొదలైంది. ఎక్కువ ఉన్నదాని గురించి ఎక్కువ మాట్లాడటం పక్షపాతం కాదు.

గుళ్ళు దేవాదాయ శాఖ చేతిలో ఎందుకున్నాయి మరి? మతానికి దూరంగా ఉండాలంటే ముందు గుళ్ళను వదలాలిగా?

న్యాయమైన ప్రశ్న. చాలామంది నాస్తికులు దీన్ని దాటవేస్తారు.

ముందు కథ తెలియాలి. తిరుమల గుడి ఆదాయం 1801 నుంచి ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉండేది. కంపెనీ దొరలు హుండీ లెక్కలు చూసేవారు. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహాల గుళ్ళు నడపడమేంటని మిషనరీలు ఇంగ్లండులో గోల చేస్తే, 1843లో కంపెనీ తప్పుకుని పెత్తనాన్ని హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది. తొంభై ఏళ్ళు వాళ్ళే నడిపారు. కోర్టు కేసులు, నిధుల గోల్‌మాల్ ఆరోపణలు ఆ కాలంలో కొల్లలు. 1932 చట్టంతో, 1933లో టీటీడీ వచ్చింది. మిగతా గుళ్ళ మాన్యాల సంగతీ అంతే. గుడినీ, గుడిలో లింగాన్నీ మింగేవాళ్ళ చేతిలో ఉన్నప్పుడు, 1920ల్లో పానగల్ రాజా నాయకత్వంలోని జస్టిస్ పార్టీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రంలో దేవాదాయ చట్టం తెచ్చింది. అప్పట్లో అది అవసరమైన పనే. 1987లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం అర్చకత్వంలో వంశపారంపర్య హక్కును రద్దు చేసింది, 1996లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. దాన్నీ నేను సమర్థిస్తాను.

కానీ ఇప్పుడు జరుగుతున్నది వేరు. పాలకమండలి సీట్లు టికెట్ దొరకని నాయకులకు ఓదార్పు బహుమతులు. ప్రభుత్వం మారగానే బోర్డు మారుతుంది. ఏ సేవ టికెట్ ఎంత, వీఐపీ దర్శనం ఎవరికి అన్నది అధికారి తేలుస్తాడు. ఇది లౌకిక ప్రభుత్వం చేసే పనా? భూములు, లెక్కలు, ఉద్యోగులు, ఆడిట్: వీటిపై నిఘా ఉండాలి. 25వ అధికరణమే మత సంస్థల ఆర్థిక వ్యవహారాలను నియంత్రించే అధికారం ఇస్తోంది. నిర్వహణ మాత్రం భక్తులు ఎన్నుకున్న సంఘానికి పోవాలి. ఇదే నియమం వక్ఫ్ ఆస్తులకూ, చర్చి ఆస్తులకూ. భక్తుల సంఘం అంటే మళ్ళీ ఒక్క కులం చేతికి కాదు. ఆ షరతు రాయకుండా గుళ్ళను వదిలేయమనే వాళ్ళను చూస్తే నాకు మహంతులే గుర్తొస్తారు.

బడిలో ప్రార్థన చేస్తే పిల్లలకు క్రమశిక్షణ వస్తుందిగా?

పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదని 28వ అధికరణం చెబుతోంది. ఎయిడెడ్ స్కూళ్ళలో ఉన్నా, తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల్ని కూర్చోబెట్టకూడదు. ఆచరణలో సరస్వతీ పూజకో, క్రిస్మస్ నాటకానికో రానన్న పిల్లను క్లాసంతా వింతగా చూస్తుంది. పదేళ్ళ పిల్లకు అనుమతి పత్రం ఏం ధైర్యమిస్తుంది?

1986లో కేరళ నుంచి ఒక కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. జాతీయగీతం వచ్చినప్పుడు గౌరవంగా లేచి నిలబడి, తమ మతం ఒప్పుకోదని పాడకుండా ఉన్న ముగ్గురు పిల్లల్ని బడి నుంచి పంపేశారు. పిల్లల్ని తిరిగి చేర్చుకోమని తీర్పు రాసింది తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన రాజ్యాంగం దాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చెయ్యొద్దని ఆ తీర్పులో ఉంది. ఆ పిల్లల విశ్వాసంతో నాకేం సంబంధం లేదు. కానీ నా నోటితో బలవంతంగా శ్లోకం చెప్పించకుండా కాపాడేది కూడా ఆ తీర్పే.

మతాల గురించి చెప్పడం వేరు. అది తప్పకుండా చెప్పాలి. బౌద్ధం లేకుండా అమరావతి, నాగార్జునకొండ పాఠం ఎలా చెబుతారు?

పుష్కరాలకు ప్రభుత్వం ఏర్పాట్లు చెయ్యొద్దా? జనం చచ్చిపోతారు కదా!

లక్షల మంది ఒకచోట చేరితే మంచినీళ్ళు, మరుగుదొడ్లు, పోలీసు, అంబులెన్సు ప్రభుత్వం బాధ్యతే. క్రికెట్ మ్యాచ్‌కైనా అంతే. ప్రభుత్వమే ఆహ్వానపత్రికలు వేసి, రండి రండి అని ప్రకటనలిచ్చి, ఘాట్‌లో నాయకుల స్నానాన్ని ఒక కార్యక్రమంగా పెట్టుకోవడం వేరే పని. 2015 జులై 14న, గోదావరి పుష్కరాల మొదటి రోజు, రాజమండ్రి పుష్కర ఘాట్ తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. పిలిచేదీ, అనుమతిచ్చేదీ, భద్రత చూసేదీ, తర్వాత విచారణ జరిపించేదీ ఒకే ప్రభుత్వమైతే "ఇంతమందికి ఈ ఘాట్ చాలదు" అని ముందుగా చెప్పేదెవరు? 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి.

మైకుల సంగతి?

రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పండగలకూ సాంస్కృతిక కార్యక్రమాలకూ ఏడాదికి 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలించవచ్చు. డప్పులు, మైకులు పెట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదని అదే ఏడాది సుప్రీంకోర్టు అంది, మద్రాసులోని ఒక చర్చి కేసులో. అజాన్‌కూ, సుప్రభాతానికీ, ఉపవాస కూటాలకూ ఒకటే రూలు. రోడ్ల మీద, పార్కుల్లో కొత్తగా గుడిగానీ మసీదుగానీ చర్చిగానీ కట్టనివ్వకూడదని 2009 సెప్టెంబరులో వచ్చిన ఉత్తర్వు కూడా ఉంది. మీ కాలనీ మూలమలుపు చూసి చెప్పండి, ఎంత అమలైందో.

హిజాబ్ మీద మీ మాటేంటి? ఫ్రాన్స్‌లో లాగా నిషేధించాలా?

వద్దు. ఫ్రాన్స్ 1905లో చర్చినీ ప్రభుత్వాన్నీ విడదీసింది, అది నాకు ఇష్టం. 2004లో బడి పిల్లల మతచిహ్నాల మీద నిషేధం పెట్టింది, అది నాకు నచ్చదు. తటస్థంగా ఉండాల్సింది బడి. చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి తల మీది గుడ్డ కాదు. అమ్మాయిని గేటు బయట నిలబెడితే ఆమెకు చదువు పోతుంది, ఇంట్లో కట్టుబాటు ఇంకా బిగుస్తుంది.

తిరుపతి లడ్డు తింటారా?

ఇస్తే తింటాను. ఇంకోటుందా అని కూడా అడుగుతాను.

మా మనోభావాలు దెబ్బతీసే హక్కు మీకెక్కడిది?

1927లో బ్రిటిష్ వాళ్ళు 295ఏ సెక్షను తెచ్చారు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 299. కావాలని, దురుద్దేశంతో మతాన్ని అవమానిస్తేనే నేరమని 1957లోనే సుప్రీంకోర్టు వివరించింది. కింద స్టేషన్ స్థాయిలో ఆ తేడా ఎవరూ చూడరు. ఎవరికి బాధ కలిగితే వాళ్ళు కేసు పెడతారు. విచారణే శిక్షయిపోతుంది. "నాస్తికులు నరకానికి పోతారు" అని మైకులో వినిపిస్తుంటే నేనెప్పుడూ స్టేషనుకు పోలేదు. పోకూడదు కూడా. మనుషుల్ని కొట్టమనడం, తరిమెయ్యమనడం నేరం. నమ్మకాన్ని విమర్శించడం నేరం కాకూడదు.

మూఢనమ్మకాల మీద చట్టాలంటారు. అది మతంలో జోక్యం కాదా?

కొంత జోక్యమే. దేవదాసీ పద్ధతిని 1947లో మద్రాసు చట్టం నిషేధించినప్పుడు కూడా సంప్రదాయంలో జోక్యం అన్నారు. జోగినీ ఆచారం ఆగకపోవడంతో ఆంధ్రప్రదేశ్ 1988లో మళ్ళీ చట్టం చెయ్యాల్సి వచ్చింది. చేతబడి చేస్తోందని ఒక ముసలమ్మను కొట్టి చంపితే అది ఎవరి నమ్మకమైనా సరే, చట్టం మధ్యలోకి రావాలి. మహారాష్ట్రలో అలాంటి చట్టం కోసం నరేంద్ర దభోల్కర్ ఏళ్ళ తరబడి తిరిగారు. 2013 ఆగస్టు 20న ఆయన్ను పుణెలో కాల్చి చంపాక గానీ ఆర్డినెన్సు రాలేదు. మనిషికి హాని జరిగేచోట చట్టం రావాలి, పూజ గదిలోకి రాకూడదు.

చివరికి నాస్తిక రాజ్యమే కదా మీకు కావాల్సింది?

అల్బేనియా 1967లో ఆ పని చేసింది. మసీదులు, చర్చిలు మూసేసింది, ప్రార్థన చేసినవాళ్ళను జైల్లో పెట్టింది. స్టాలిన్ 1931లో మాస్కోలో పెద్ద చర్చిని పేల్చేశాడు. నాకు అలాంటి ప్రభుత్వం వద్దు. దేవుడు లేడని బోర్డు పెట్టే సర్కారు, ఉన్నాడని బోర్డు పెట్టే సర్కారు, రెండూ తమ పని కాని పని చేస్తున్నట్టే.

కోర్టులో దేవుడి మీద ప్రమాణం చెయ్యక తప్పదుగా? పెళ్ళికి, సర్టిఫికెట్లకు మతం రాయాలిగా?

సినిమాల్లో భగవద్గీత మీద చెయ్యి వేయిస్తారు. 1969 ప్రమాణాల చట్టంలో ఆ తంతు లేదు. దేవుడి పేరు ఎత్తకుండా నిజం చెబుతానని ధ్రువీకరిస్తే చాలు. మంత్రులకూ, ఎమ్మెల్యేలకూ రాజ్యాంగం మూడో షెడ్యూలు ఆ వెసులుబాటే ఇచ్చింది. పెళ్ళికి 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. అందులో 30 రోజుల నోటీసు బోర్డు మీద అంటించే నిబంధన మతాంతర జంటలకు ప్రాణాల మీదకు తెస్తోంది. అది పోవాలి. జనన ధ్రువీకరణ దరఖాస్తులో "మతం లేదు, కులం లేదు" అన్న కాలమ్ పెట్టాలని 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. 2011 జనగణనలో 28 లక్షల మందికి పైగా మతం చెప్పలేదని నమోదైంది. అందరూ నాస్తికులని కాదు. కానీ వాళ్ళకు ఏ తోఫా లేదు, ఏ కానుకా లేదు. ఎవరూ అడగలేదు కూడా.

మీ వాదన కొంత నచ్చింది. ఇప్పుడు నేనేం చెయ్యాలి?

మీరు దేవుణ్ణి వదలక్కర్లేదు. మీ ఊళ్ళో ప్రభుత్వం డబ్బుతో ఏదైనా మతకార్యక్రమం జరిగితే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఏ జీవో మీద ఖర్చు పెట్టారు, ఏ పద్దు కింద, ఎంత, బిల్లు ఎవరి పేర అయింది అని నాలుగు ప్రశ్నలు చాలు. ముందుగా మీ మతానికి పెట్టిన ఖర్చు గురించి అడగండి, అప్పుడు మిమ్మల్ని ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వేయండి.